పురిటింటికి సున్నం కొట్టారు

ఆ ఉత్తరం రాసింది నేనే. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాయనకు చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు. అందరికంటే ముందు ఎవరికి చెప్పాలో ఆ అవ్వకు అసలే చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, ఆ రోజు పేజీలో కూడా "ఒక ఉత్తరం పోస్టు చేశాను" అని మాత్రం రాసి ఊరుకున్నాను. ఎవరికి, ఎందుకు అన్నది రాయలేదు. నా వెనక ఎవరైనా చదువుతారేమోనని భయం. చదివేవాళ్ళు ఎవరూ లేరు. అయినా భయమే.

తొంభైల నడిమి సంవత్సరాలవి. ఆత్మకూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా ఉండేదాన్ని. వారమంతా పిన్నమ్మ వాళ్ళింట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఉదయగిరి వచ్చేదాన్ని. ఆదివారం పొద్దున నాయనతో చర్చికి. సాయంత్రం ఒక్కదాన్నే మిద్దె మీదికి. పొద్దు కొండ వెనక్కి జారగానే గబ్బిలాలు బయలుదేరేవి. కొండ ఎక్కే దారిలో సగం దూరాన పాతకాలపు ధాన్యపు కొట్టు ఒకటి ఉంది. గుమ్మటంలాంటి పైకప్పు, ఒక్కటే వాకిలి. అందులోంచి ముందు ఒకటీ రెండూ వచ్చేవి. తర్వాత పొగలాగా వచ్చేవి. ఆ పొగ మా మిద్దె మీదుగా సాగి వింజమూరు వైపు తోటల్లోకి పోయేది. వేపపండ్ల కాలంలో తెల్లారి చూస్తే మా అరుగు నిండా అవి చీకి పారేసిన గింజలు. మనుషులతో మాట్లాడాల్సి వస్తే నేను పక్కకు తప్పుకునేదాన్ని. ఆ అరగంట మాత్రం దూరపు చుట్టాలెవరో వచ్చి పలకరించి పోయినట్టుండేది. ఏ రోజు ఎన్నింటికి బయలుదేరాయో రాసి పెట్టుకునేదాన్ని.

ఒక ఎండాకాలం ఆదివారం ధైర్యం చేసి కొట్టు దాకా ఎక్కాను. వాకిలికి అడ్డంగా, నడుము ఎత్తున, తుమ్మకంప పేర్చి ఉంది. పైన గబ్బిలాలు వచ్చిపోయేంత సందు వదిలారు. కంపను కాస్త జరిపి తొంగి చూద్దామని చెయ్యి వేశానో లేదో, రాళ్ళ వెనక నుంచి కేక.

"ఎవుర్మే ఆడ? కంప తియ్యబాక!"

మేకల వెంట ఒక అవ్వ. చేతిలో దోటి, నోట్లో పొగాకు.

"ఊరికే చూద్దామని, అవ్వా" అన్నాను.

"సూసేదానికి ఏముండాది? లోపల బాలింతలుండారు. నీకు పెండ్లయిందా?"

"లేదవ్వా."

"అయితే నీకు తెలవదులే. పురిటింట్లోకి ఎవురంటే వాళ్ళు దూరితే పసిబిడ్డలకి మంచిది గాదు. బిడ్డని రొమ్మున కరిపించుకోని యాలాడతా ఉంటాయి. బెదిరినాయంటే బిడ్డ జారి కింద పడతాది. వానలు పడినాక రా, నేనే కంప తీస్తాను. అప్పుడు కండ్లనిండా సూద్దువు."

ఆ కొట్టులో నేల మీద పడే రెట్టే అవ్వకు ఎరువు. కొండ అడుగున ఆమెకు చిన్న మడి ఉంది, వంగా మిరపా పెట్టేది. ఉగాది దాటాక ఒకరోజు కంప పేర్చేసేది. ఆ తర్వాత వానలు పడేదాకా తను కూడా లోపల అడుగు పెట్టేది కాదు. మడికి ఎరువు చాలకపోయినా సరే, పెట్టేది కాదు. పెండ్లయి ఆ ఊరికి వచ్చిన ఏడాది అత్త చెప్పిందట అలా చెయ్యమని. ఆ అత్తకు ఎవరు చెప్పారో అవ్వకు తెలియదు.

తర్వాత్తర్వాత ఆదివారాలు నేను అక్కడే గడిపాను. నేను మాట్లాడనక్కర్లేదు. అన్నీ ఆమే మాట్లాడేది.

"మీ పుస్తకంలో గబ్బిలాన్ని తినకూడదని రాసుండాదంట గదా? మీ నాయన చెప్పినాడు. ఆ ఒక్కమాటా ఊళ్ళో అందరికీ చెప్పమను పాపా. మీ దేవుడికి నేనే ఒక టెంకాయ కొడతాను."

ఊళ్ళోవాళ్ళతో ఆమెకు పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బంది బయటినుంచి వచ్చింది. ఒక చలికాలం, ఎక్కడివాళ్ళో నలుగురు మనుషులు వలలు తెచ్చుకుని వచ్చారు. ఉబ్బసానికి గబ్బిలం మాంసం మందని, పట్నంలో దానికి మంచి గిరాకీ ఉందని చెప్పారట. అవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది. వాళ్ళు తోశారు. తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాచి ఉంది, పసుపు కట్టు కట్టుకుని ఉంది.

"రెండు సంచులు నింపుకోని పోయినారు. మళ్ళా వస్తారంట. రానీ. ఎడమ చెయ్యి ఉండాది గదా" అంది.

ఆ వారమే ఆత్మకూరు లైబ్రరీలో, ఎవరో దానమిచ్చిన పాత ఇంగ్లీషు పత్రికల్లో అరపేజీ ప్రకటన చూశాను. గబ్బిలాలను కాపాడడానికి కొన్ని దేశాల వాళ్ళు కలిసి పనిచేస్తున్నారట. గబ్బిలాలకు సరిహద్దులు తెలియవు కాబట్టి కాపాడేవాళ్ళకూ ఉండకూడదట. ఏ దేశంలోనైనా సరే, పెద్ద గుంపులు ఉండే చోటు తెలిస్తే రాయమన్నారు. మూడు సాయంత్రాలు కూర్చుని రాశాను. కింద పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు. పొడి అక్షరాలు రెండు రాశాను. చిరునామాకు నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్ పేరిచ్చాను.

జవాబు వచ్చింది. మొదట్లోనే "అయ్యా" అన్నారు. మగవాణ్ణనుకున్నారు. నేను సరిదిద్దలేదు. జతగా ఒక ఫారం. అందులో ఒక ప్రశ్న: ఈ చోటుకు రక్షణ ఉందా, ఉంటే ఎవరి రక్షణ? "ఉంది. ఒక ముసలమ్మ, తుమ్మకంప" అని రాసి పంపాను. ఆ ఒక్క వాక్యం చూసే తాము రావాలనుకున్నామని ఆ తర్వాతి ఉత్తరం కింద ఒకావిడ సొంత చేతిరాతతో రాసింది. మన దేశపు చట్టంలో పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలతోనూ కాకులతోనూ కలిపి ఒకే పట్టీలో వేశారని, ఎవరు చంపినా అడిగే దిక్కు లేదని, దాన్ని మార్పించడానికి ఇక్కడి శాస్త్రవేత్తలతో కలిసి ప్రయత్నిస్తున్నామని, మా కొట్టులాంటి చోట్లు చూపిస్తే ఆ వాదనకు బలం వస్తుందని రాసింది. అనుమతుల కోసం ప్రభుత్వానికి రాశామంది.

ఆ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. ఒక్కసారి కూడా అవ్వకు చదివి వినిపించలేదు. అన్నీ కుదిరాక చెబుదాం, ఆశ్చర్యపోతుంది అనుకున్నాను. ఇది కూడా ఒక రకం గర్వమే అని ఇప్పుడు తెలుస్తోంది. సిగ్గరి వాళ్ళకు గర్వం ఉండదని అందరూ అనుకుంటారు.

ప్రభుత్వానికి రాసిన ఉత్తరం ఎన్ని ఆఫీసులు దిగిందో గానీ, ఒకరోజు టపాల్లో మా ఆఫీసుకే వచ్చింది. వాళ్ళు చలికాలంలో వస్తామంటే, మనవాళ్ళు ఎండాకాలంలో తేదీ ఇచ్చారు. పై ఆఫీసు కవరింగ్ లెటర్, దాని వెనక ఆ తేదీ తెలిశాక విదేశీయులు మళ్ళీ రాసిన నాలుగు పేజీలు. నాలుగు పేజీల్లో విడమరచి ఉంది: ఇది పిల్లల కాలం, మేము లోపలికి రాము, పొద్దుగూకే వేళ బయట కూర్చుని లెక్క చూసుకుంటాం, దయచేసి ముందుగా ఎవరూ లోపలికి వెళ్ళవద్దు, మంట వద్దు, దీపం వద్దు, మాకు స్వాగతం వద్దు.

మా హెడ్ క్లర్కు కవరింగ్ లెటర్ ఒక్కటే చదివాడు. నాలుగు పేజీలూ విప్పి ఫైల్లో పడేసి, ఉదయగిరి ఆఫీసుకు పంపాల్సిన మెమో నాకు చెప్పి టైపు చేయించాడు. "విదేశీ ప్రతినిధులు ఉదయగిరి కొండమీది పురాతన కట్టడమును సందర్శించనున్నందున, సదరు స్థలమును పరిశుభ్రపరచి తగిన ఏర్పాట్లు చేయవలెను." గబ్బిలాలన్న మాటే లేదు. పై ఆఫీసు కవరింగ్ లెటర్లోనూ లేదు. ఒక్కో మెట్టు దిగేటప్పుడు ఒక్కో గుమస్తా సారాంశం రాశాడు. చివరికి సారాంశంలో సారం లేకుండా పోయింది.

నేను నాలుగు కార్బన్లు పెట్టి టైపు చేశాను. తర్వాత లేచి నిలబడ్డాను. ఆ ఉద్యోగంలో నా అంతట నేను లేచి మాట్లాడింది ఆ ఒక్కసారే.

"సార్, ఆ నాలుగు పేజీలు కూడా జతచేస్తే..."

"ఆ నాలుగు పేజీల ఇంగ్లీషు చదివే మొనగాడు ఆడ ఎవడుండాడమ్మా? నువ్వు పోయి చదివిపెడతావా?"

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

ఇక్కడ ఒక పూట ఆలోచించి రాస్తున్నాను. నేను గట్టిగా అడిగి ఉండవచ్చు. తెలుగులో నాలుగు వాక్యాలు రాసి నా చేత్తో నేనే జతచేసి ఉండవచ్చు, ఎవరు చూడొచ్చారు? ఆ ఆదివారం అవ్వ దగ్గరికి పోయి, ఆఫీసు మనుషులు వస్తారు, జాగ్రత్త అని చెప్పి ఉండవచ్చు. చెబితే నీకెట్లా తెలుసని అడుగుతుంది. ఉత్తరం సంగతి బయటపడుతుంది. అందుకని, వాళ్ళు దారి బాగుచేసి గడ్డి కోస్తారు, అంతకంటే ఏం చేస్తారు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది. ఆ వారం ఒంట్లో బాగాలేదని ఉదయగిరికే పోలేదు.

విదేశీయులు వచ్చే రోజు ఇంగ్లీషు తెలిసినదాన్నని నన్ను కూడా ఆఫీసు జీపులో ఎక్కించారు, జరిగింది రాసుకోవడానికి. ఊరు రెండు మైళ్ళుందనగా హెడ్ క్లర్కు కొండవైపు చెయ్యి చూపించాడు.

"చూడమ్మా, పెండ్లికూతురు మాదిరి ఉండాది."

కొట్టు తెల్లగా మెరుస్తోంది. ఆ తెలుపు అంత దూరానికీ కళ్ళు పొడిచింది.

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఊడ్చి, అలికి, సున్నం కొట్టడం మనకు అలవాటు. ఎంత పెద్ద చుట్టమైతే అంత సున్నం. ఆ చుట్టం మన ఇంట్లో ఏం చూడడానికి వస్తున్నాడని ఎవరం అడగం. మురికి కనిపించకపోతే చాలు, పరువు దక్కినట్టే. గబ్బిలాలను చూడడానికి సముద్రాలు దాటి వస్తున్నవాళ్ళ కోసం మావాళ్ళు గబ్బిలాలను వెళ్ళగొట్టారు.

వాకిట్లో మామిడాకుల తోరణం. కంప ఉన్నచోట ముగ్గు. అక్కడి అధికారి ఒకాయన మా ఆఫీసరుకు వివరిస్తున్నాడు. ఆయన ముఖంలో ఆ సంతోషం నేను మరిచిపోలేను.

"ఏం చెప్పేది సార్, ఏండ్ల తరబడి కంపు! ఎండుమిరపకాయలు, వేపాకు కలిపి రెండు రోజులు పొగబెట్టించినాను. రాలిపడినాయి సార్, గాలివానకి మామిడికాయలు రాలినట్టు. పెద్దవి ఎగిరిపోయినాయి, చిన్నవి ఎగరలేక ఈడనే పడినాయి. ఎత్తి పోయించి, గోడలు కడిగించి, మూడు చేతులు సున్నం! ఇప్పుడు కూర్చోని అన్నం తినొచ్చు సార్ లోపల!"

అన్నం తినొచ్చట.

విదేశీయులు ఇద్దరు, ఒక ఆయనా ఒక ఆవిడా. వాళ్ళతో మద్రాసు నుంచి వచ్చిన ముసలి శాస్త్రవేత్త ఒకాయన. దండలు వేశారు. కొబ్బరిబోండాలు ఇచ్చారు. ఆవిడ బోండాం చేతిలో పట్టుకునే వాకిలి వైపు చూస్తూ ఉండిపోయింది. ముసలాయనకు ముందుగా అర్థమైంది. వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఇది ఎవరు చేశారు?"

"మేమే సార్!" అన్నాడు ఆ అధికారి. "రెండే రోజుల్లో!"

లోపలికి రామని రాసినవాళ్ళు, లోపల ఏమీ మిగలలేదు గనుక లోపలికి వెళ్ళారు. ఆవిడ ఒక మూల గొంతుకూర్చుంది. గోడకూ నేలకూ మధ్య సందులోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. వేలెడంత పిల్ల. ఎండిపోయి, రెక్కల మీద సున్నం గట్టిపడి, కాగితంతో చేసినట్టుంది. మావాళ్ళలో ఒకడు పరుగున పోయి, "సారీ మేడమ్, సారీ" అంటూ దాన్ని ఆమె చేతిలోంచి తీసి అవతల పారేశాడు. మురికి ఒకటి ఊడవడం మరిచిపోయినందుకు ఆ క్షమాపణ.

ఆవిడ లేచి నిలబడి, ఆ ముసలమ్మ ఎక్కడ అని అడిగింది. కంప వేసే ముసలమ్మ. ముసలాయన తెలుగులో చెప్పాడు. మావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ముసలమ్మా? ఏ ముసలమ్మ సార్? మేకలు తోలుకునేది ఒకతి ఉండేది. అడ్డం కూర్చుంటే పక్కకి ఎత్తి కూర్చోబెట్టినాం. న్యూసెన్సు."

ఆవిడ అక్కడున్న అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. నా ముఖం కూడా చూసింది. నేను ఆమెకు ఆరడుగుల దూరంలో ఉన్నాను. పెన్ను చేతిలో ఉంది, ఇంగ్లీషు వచ్చు. తల వంచి నోటుబుక్కులో తేదీ రాసుకున్నాను.

పొద్దుగూకేదాకా వాళ్ళు ముగ్గురూ బయట రాళ్ళ మీద కూర్చున్నారు. ఒక్కటి రాలేదు. లేని గుంపును ఏ పట్టీలోకీ ఎక్కించలేమని ముసలాయన మెల్లగా అన్నాడు.

వాళ్ళ మీద కూడా నాకు కోపమే. ఇన్ని దేశాలు కలుసుకున్నాయి, ఒప్పందాలు రాసుకున్నాయి, ఖండాలు దాటి ఉత్తరాలు పంపుకున్నాయి. ఉదయగిరి కొండ మీద ఉన్న ఒకే ఒక్క మనిషికి తెలుగులో ఒక ముక్క చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు చదువు రాకపోతేనేం, చెవులున్నాయిగా. కొన్ని నెలల తర్వాత టైపు ఇన్‌స్టిట్యూట్ చిరునామాకు వాళ్ళ నివేదిక వచ్చింది. నా పొడి అక్షరాలకు కృతజ్ఞతలు చెప్పారు. మా కొట్టు గురించి ఒక పేరా ఉంది. స్థానికులకు గబ్బిలాల విలువ తెలియదు, వాళ్ళకు అవగాహన కల్పించాలి అన్నది దాని అర్థం. స్థానికులకు! మడికి ఎరువు లేకపోయినా పిల్లల కాలంలో లోపల అడుగు పెట్టని మనిషికి, చెయ్యి విరగ్గొట్టించుకున్న మనిషికి అవగాహన కల్పించాలట. పొగబెట్టించిన అధికారి ఏ ఊరివాడో నాకు తెలియదు. అవ్వతో పాటు వాడూ స్థానికుడే అయిపోయాడు వాళ్ళ లెక్కలో. ఆ పేజీని చింపుదామనుకుని చింపలేదు. డైరీలో పెట్టుకున్నాను. కోపం తగ్గినప్పుడల్లా తీసి చదువుకుంటాను.

విదేశీయులు వెళ్ళిన మర్నాడు మడి దగ్గరికి పోయాను. అవ్వ వంగమొక్కల మధ్య కూర్చుని ఉంది, పని చేయడం లేదు. పొగకు కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"తల్లులు మూడు రోజులు తిరిగినాయి పాపా" అంది. "పట్టపగలు. ఎండకి కండ్లు కనపడక గోడలకి కొట్టుకుంటా. బిడ్డల కోసరం. ఆ సున్నం మీద గోరు ఆనలా వాటికి. జారిపోతా ఉన్నాయి."

నేను పక్కన కూర్చుని కలుపు పీకసాగాను. ఆమె నావైపు తిరిగింది.

"నువ్వు ఆపీసులో ఉండావు గదా. మన కొట్టు సంగతి ఆ దేశంకాని దేశమోళ్ళకి ఎవుడు చెప్పినాడో కనుక్కోని నాకు చెప్పు. వాణ్ణి ఒక్కమాట అడగాల. నీకు ఏం చేసినాయిరా అని, అంతే."

"సరే అవ్వా" అన్నాను. అంతకంటే పెద్ద అబద్ధం నేను నా జన్మలో ఆడలేదు.

గబ్బిలాలు ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. మడిలో వంగ సరిగా కాయలేదు. మా అరుగు మీద వేపగింజలు పడలేదు. ఊడ్చే పని తగ్గిందని నాయన అన్నాడు, ఆయనకు ఏమీ తెలియదు. మరుసటి ఉగాది తర్వాత కూడా అవ్వ ఖాళీ కొట్టుకు కంప వేసిందని విన్నాను. నేను చూడడానికి పోలేదు. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా ఇంటికే వచ్చేదాన్ని.

ఆమె మేకలను అమ్మేసి, మర్రిపాడు అవతల కూతురింటికి పోతోందని తెలిసి, ఒక సోమవారం తెల్లవారి బస్టాండులో కలిశాను. నేను ఆత్మకూరు బస్సుకు, ఆమె తన బస్సుకు. ఆ పొద్దు చెప్పేద్దామనే పోయాను. రాత్రే డైరీలో రాసుకున్నాను, ఏ మాట ముందు, ఏ మాట వెనక అని. ఆమె అప్పటికే కిటికీ పక్కన కూర్చుని ఉంది, ఒళ్ళో బట్టల మూట, మూట మీద దోటి. నన్ను చూసి కమ్మీల సందులోంచి చెయ్యి బయటపెట్టింది. మణికట్టు ఇంకా కాస్త వంకరగానే ఉంది.

"అవ్వా, నీకొకటి చెప్పాల" అన్నాను.

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. నేను పక్కన నాలుగడుగులు నడిచాను. నోరు తెరిచాను కూడా. ఆమె నా ముఖంలోకి చూసి, చేత్తో వద్దని ఊపింది.

"కనుక్కోబాకలే పాపా. తెలిస్తే నా నోరు ఊరుకోదు. ఆ చెప్పినోడి ఇంట్లో గూడా బాలింత ఉంటాదేమో."